చూపు కొలువు

ఒకానొక రాజ్యంలో ఎవరినీ ఏమీ అడగని రాజు ఒకడుండేవాడు.

రాజ్యం పేరు ముచికొండ, రాజు పేరు విక్రమభూపతి. మనసు చెడ్డది కాదు. ఆకలితో వచ్చినవాణ్ణి పొమ్మనేవాడు కాదు. ఏనుగుకు జబ్బుచేస్తే స్వయంగా వెళ్ళి పక్కన కూర్చునేవాడు. కాని ఒక గర్వం మాత్రం ఉండేది. మనిషిని ఒక్కసారి చూస్తే చాలు, వాడు ఏ పనికి పనికొస్తాడో తనకు తెలిసిపోతుందని ఆయన నమ్మకం.

"అడిగి తెలుసుకునేవాడు వర్తకుడు, చూసి తెలుసుకునేవాడు రాజు" అనేవాడు మీసం దువ్వుకుంటూ. ఆ మీసం సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. పై పెదవినే కాదు, కింది పెదవిని కూడా సగం కప్పేసేది.

ఆ కోటలో ఒక ఆచారం ఉండేది. దాన్ని చూపు కొలువు అనేవారు. ఉగాది వెళ్ళిన మూడో రోజున, ఉద్యోగం కోరి వచ్చినవాళ్ళంతా కోట ముంగిట్లో వరసగా నడిచివెళ్ళాలి. నోరు విప్పకూడదు. రాజు మేడమీద నిలబడి, వెండి బెత్తం ఊపుతూ "వంటశాల, కావలి, గుర్రాల సాల, తోట" అని చెప్పుకుంటూ పోయేవాడు. ఒక్కొక్క మనిషికి రెండు రెప్పపాట్ల కాలం. ఆ రెండు రెప్పపాట్లలో వాడి బతుకు తేలిపోయేది.

లావుగా, బొజ్జతో ఉన్నాడని పేరయ్యను వంటశాలకు పంపాడు. పాపం పేరయ్యది కడుపు జబ్బు. పుట్టి బుద్ధెరిగి మజ్జిగన్నం తప్ప తిని ఎరగడు. ఉప్పెంత వెయ్యాలో, పులుపెంత వెయ్యాలో వాడికేం తెలుస్తుంది? రాజుగారి భోజనం పదహారేళ్ళుగా చప్పగానే ఉంది. ముచికొండ నీళ్ళ గుణమే అంత అని ఆయన సరిపెట్టుకున్నాడు. బుర్రమీసాలున్నాయని భీమనను సింహద్వారం కావలికి పెట్టాడు. భీమన బల్లి కనిపిస్తే బల్లెం వదిలేసి పరిగెత్తేవాడు.

ఇక కాచన. ఒక గురువు దగ్గర ఏళ్ళ తరబడి కష్టపడి చదువుకుని, పండితసభలో చోటు దొరుకుతుందన్న ఆశతో ముచికొండ వచ్చాడు. వాడి ముక్కు కాస్త ఎడమకు తిరిగి ఉంటుంది. ఒక కనుబొమ పైకి లేచే ఉంటుంది. మేడమీద నుంచి చూసి రాజు పకపకా నవ్వి "విదూషకుడు" అన్నాడు. అంతే. ఎనిమిదేళ్ళ నుంచి కాచన సభలో విదూషకుడు. ఏదో ఒక కొలువు దొరికింది కదా అని పైకి అనేవాడు. లోపల ఏముందో ఎవరూ అడగలేదు కనుక ఎవరికీ చెప్పలేదు.

ఆ కోట సింహద్వారం మీద గడియగది ఉండేది. అక్కడ గంగాళం నిండా నీళ్ళు, ఆ నీళ్ళ మీద తేలే చిన్న రాగిగిన్నె. గిన్నె అడుగున సూదిమొనంత చిల్లు. ఆ చిల్లులోంచి నీళ్ళు ఎక్కి గిన్నె మునగడానికి సరిగ్గా ఒక గడియ పడుతుంది. మునగగానే కర్రతో జేగంట కొట్టాలి, గిన్నె తీసి ఖాళీ చేసి మళ్ళీ నీళ్ళ మీద వదలాలి. ఊరంతా ఆ గంటను బట్టే అత్తెసరు పెట్టేది, ఆ గంటను బట్టే సంతకు బయల్దేరేది.

గంట కొట్టే మల్లయ్య కిందటేడు విషజ్వరంతో పోయాడు. అప్పటి నుంచి ఆ పని అతని భార్య అక్కసాని చేస్తోంది. ఆమెకు ఎనిమిదో ఏట జ్వరం తగిలి రెండు చెవులూ పోయాయి. మాట ఉంది, వినికిడి లేదు. ఎదుటివాళ్ళ పెదవులు చూసి సంగతి గ్రహిస్తుంది. పదకొండు నెలలుగా ఆమే గంట కొడుతున్నట్టు కోటలో చాలామందికి తెలియదు. గంట సరిగ్గా మోగుతుంటే కొట్టేది ఎవరని ఎవడు పట్టించుకుంటాడు?

ఒకనాడు కొత్త జెండా కట్టించాలని రాజు స్వయంగా ద్వారం మీదికి ఎక్కాడు. గడియగదిలో ఒక స్త్రీ వీపు ఇటు పెట్టి కూర్చుని ఉంది. రాజు గొంతు సవరించుకున్నాడు. ఆమె లేవలేదు. గట్టిగా దగ్గాడు. కదల్లేదు. వెంట వచ్చిన భటుడు భయపడిపోయి "ప్రభూ, ఆమెకు చెవుడు" అన్నాడు.

రాజు ముఖం ఎర్రబడింది. "చెవిటిది నా కోట గంట కొడుతోంది. పొరుగు రాజులు వింటే నవ్విపోతారు. మూడు రోజుల్లో ఈ గది ఖాళీ కావాలి" అన్నాడు. కిందకి దిగుతూ తోట వైపు చూశాడు. అక్కడ సూరన అనే తోటమాలి మల్లెపాదులకు నీళ్ళు పోస్తున్నాడు. వాడి చెవులు చేటలంత ఉంటాయి. "అదిగో, గంటకు తగిన మనిషి. ఆ చెవులకు చీమ నడిచినా వినిపిస్తుంది" అన్నాడు రాజు. సూరన నోరు తెరిచి ఏదో అనబోయాడు. రాజు అప్పటికే వెళ్ళిపోయాడు.

సంగతి తెలిసి కాచన గడియగదికి వెళ్ళాడు. అక్కసాని చాపలు చుడుతోంది. మూల మంచం మీద నడవలేని అత్తగారు పడుకుని ఉంది.

"వెనక నుంచి రాకు తమ్ముడూ, ఉలిక్కిపడతాను" అంది అక్కసాని చటుక్కున తిరిగి చూసి. కాచన ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"ఎక్కడికి వెళతావక్కా?" అన్నాడు, పెదవులు కనిపించేలా నెమ్మదిగా.

"అదే తెలియడంలేదు. అత్త మెట్లు దిగలేదు. ఎత్తుకుని దింపుతాను, దాందేముంది. దింపాక ఎటు తిరగాలో చెప్పేవాళ్ళే లేరు." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కాని మాట్లాడుతూనే పక్కకు తిరిగి, కర్ర తీసి, గంట కొట్టి, గిన్నె ఖాళీ చేసి వదిలింది.

కాచనకు ఆశ్చర్యం వేసింది. "రోజంతా చూస్తూ ఉంటే కళ్ళు నొప్పులు పుట్టవా?"

"రోజంతా ఎవరు చూస్తారు? నీళ్ళు సగానికి వచ్చేదాకా బజారు చూస్తాను. ఎవరి కోడలు ఎవరితో పోట్లాడిందో నాకు ఇక్కడి నుంచే తెలుస్తుంది. సగం దాటాక ఇటు తిరుగుతాను. గిన్నె అంచు నీళ్ళకు సమానమైనప్పుడు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగుతుంది. అప్పుడు చెయ్యి కర్ర మీద ఉండాలి. బుడుంగుమన్నాక లేస్తే గడియ దాటిపోయినట్టే."

"మల్లయ్య కూడా అలాగే చేసేవాడా?"

అక్కసాని కన్నీళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "మా ఆయన బంగారం లాంటి మనిషి. చెవులూ బంగారం లాంటివే. కింద ఎవరైనా కబుర్లు మొదలుపెడితే చాలు, గిన్నె మునిగిందో తేలిందో పట్టేది కాదు. నేనే డొక్కలో పొడిచేదాన్ని."

కాచనకు ఎప్పుడూ లేచి ఉండే కనుబొమ ఇంకాస్త పైకి లేచింది.

మర్నాడు సభలో కాచన లేచి నిలబడ్డాడు. "ప్రభూ, ఒక సందేహం. గడియగిన్నెకు చెవితో పనేమిటి?"

సభ నవ్వింది. కాచన ఏమన్నా నవ్వడం ఆ సభకు అలవాటు. రాజు కూడా నవ్వి "గిన్నె మునిగేటప్పుడు బుడుంగుమంటుంది. చూసి చూసి కళ్ళు అలుస్తాయి, చెవి అలసిపోదు. అందుకే చెవులున్న మనిషి కావాలి. ఇది పసివాడికైనా తెలుస్తుంది" అన్నాడు.

"అయితే పరీక్ష పెట్టండి. రెండు గంగాళాలు, రెండు గిన్నెలు. ఒక దగ్గర సూరన, ఒక దగ్గర అక్కసాని. ఎవరి లెక్క తప్పితే వారు ఓడినట్టు. అక్కసాని ఓడితే ఆమె అత్తగారిని నేనే వీపున ఎక్కించుకుని కోట దాటతాను. మళ్ళీ మీకు ముఖం చూపించను."

రాజుకు కాచనంటే ఇష్టమే. ఒక్క క్షణం తటపటాయించాడు. కాని నిండు సభలో వెనక్కి తగ్గడం ఎలా? "సరే. నెగ్గితే నువ్వు కోరింది ఇస్తాను. ఓడితే పొమ్మంటాను" అన్నాడు. నిబంధనలు కూడా ఆయనే పెట్టాడు. ఒకరి గంట విని ఇంకొకరు మేలుకోకుండా గంటలు వద్దు, గిన్నె మునిగినప్పుడల్లా ఒక చింతపిక్క కుండలో వెయ్యాలి. ఒకరి గిన్నె ఒకరు చూడకుండా మధ్య తడిక కట్టాలి. అవి పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజులు. సూర్యోదయం నుంచి మిట్టమధ్యాహ్నం దాకా సరిగ్గా పదిహేను గడియలు. ముంగిట్లో రాతికంభం నీడ గీత మీదికి వచ్చేసరికి ఎవరి కుండలో పదిహేను పిక్కలుంటే వారిదే గంట.

"నాదొక చిన్న మనవి. అంతసేపు ఊరికే కూర్చుంటే మీకు విసుగు. మీకొక కథ చెబుతాను" అన్నాడు కాచన.

కథంటే రాజు చెవి కోసుకుంటాడు. వెంటనే ఒప్పుకున్నాడు.

పరీక్షనాడు పొద్దుటికే ముంగిలి నిండిపోయింది. తడికకు ఇటు సూరన, అటు అక్కసాని. ఇద్దరికీ ఎదురుగా మూడు మూరల దూరంలో రాజుగారి పీట, పక్కన కాచన. మొదటి నాలుగు గడియలు ఇద్దరూ సమంగానే పిక్కలు వేశారు. సూరన తన చేటచెవి గిన్నె వైపు వంచి, కళ్ళు మూసుకుని, మహా శ్రద్ధగా కూర్చున్నాడు. రాజు గర్వంగా చూశాడు.

అప్పుడు కాచన కథ మొదలుపెట్టాడు.

"ప్రభూ, ఒక ఊళ్ళో ఒక రైతు తన కూతురికి సంబంధం చూడమని ఇద్దరు పెద్దమనుషులకు చెప్పాడు. ఒకరికి చెప్పిన సంగతి ఇంకొకరికి తెలియదు. ఇద్దరూ సంబంధం కుదిర్చేశారు, ఇద్దరూ ఒకే ముహూర్తం పెట్టించారు. ఆ వేళకు తూర్పు నుంచి ఒక పెళ్ళివారు మేళతాళాలతో దిగారు, పడమర నుంచి ఇంకో పెళ్ళివారు దిగారు. రైతు గుమ్మంలో నిలబడి అటు చూశాడు, ఇటు చూశాడు. పైగా పెళ్ళికొడుకులిద్దరి పేరూ ఒకటే."

"అయ్యయ్యో" అన్నాడు భీమన బల్లెం మీద గడ్డం ఆనించి.

సూరన కళ్ళు తెరిచాడు.

కాచన కథ ఎలా చెప్పాడంటే, తూర్పు పెళ్ళికొడుకు మేనత్త గొంతుతో ఒకసారి, పడమటి పెళ్ళికొడుకు మేనమామ గొంతుతో ఒకసారి. చేతులు ఊపాడు, లేచి నడిచాడు. వియ్యంకులిద్దరూ ఒకే పట్టెమంచం మీద కూర్చోవడానికి తోసుకున్న ఘట్టానికి రాజు పీట మీద నుంచి జారబోయాడు. ఆ సందడిలో సూరన గిన్నె బుడుంగుమంది. అది అడుగున ఎంతసేపు పడి ఉందో! సూరన చూసి, నాలుక కరుచుకుని, పిక్క వేసి మళ్ళీ వదిలాడు. చెవి ఈసారి గిన్నె వైపు లేదు. కాచన వైపే ఉంది.

తడికకు అటు అక్కసాని ఒకసారి తలెత్తింది. కాచన చేతులు చూసింది, రాజు పొట్ట పట్టుకోవడం చూసింది. నీళ్ళు సగం దాటాయి. తల దించుకుంది.

"ఊరు రెండుగా చీలింది ప్రభూ. తూర్పువాడు పొడుగు, వాడే తగినవాడన్నారు కొందరు. పడమటివాడు తెలుపు, వాడే అన్నారు కొందరు. పొడుగువాడికి పొగరుంటుందని ఒకడు, తెల్లవాడికి ఒళ్ళు వంగదని ఇంకొకడు. పొద్దు వాలింది. వంటలు చల్లారిపోయాయి. పురోహితుడు దర్భలు పట్టుకుని నిద్రపోయాడు. చివరికి అడ్డుతెర వెనక నుంచి పెళ్ళికూతురు లేచి నిలబడింది. అందరూ నోళ్ళు మూశారు. అప్పుడా పిల్ల ఒకే ఒక్క మాట అంది."

కాచన ఆగాడు. "నీడ గీత మీదికి వచ్చింది ప్రభూ. పరీక్ష ముగిసింది."

మంత్రి రెండు కుండలూ బోర్లించాడు. అక్కసాని కుండలో పదిహేను పిక్కలు. సూరన కుండలో పదకొండు. సూరన గిన్నె అప్పటికీ గంగాళం అడుగునే ఉంది.

రాజుకు కోపం వచ్చింది. "కథ చెప్పి వాణ్ణి చెడగొట్టావు. ఇది మోసం."

"సింహద్వారం దగ్గర రోజూ ఎవరో ఒకరు కథలు చెప్పుకుంటూనే ఉంటారు ప్రభూ. ఈ పూట నేను చెప్పాను. సూరనను ఏమీ అనకండి. వాడి చెవులు మంచివే, అందుకే కథంతా విన్నాడు. తమరు కూడా మూడు మూరల దూరంలోనే ఉన్నారు, తమ చెవులకూ ఏ లోటూ లేదు. గిన్నె మీ ఎదుట ఎన్నిసార్లు బుడుంగుమందో చెప్పండి."

రాజు గంగాళం వైపు చూశాడు. ఒక్కసారి కూడా విన్న గుర్తు లేదు.

"గంట ఆమెదే" అన్నాడు. మాట కాస్త తగ్గించే అన్నా, ముంగిలంతా విన్నది. మంచం మీద మోసుకొచ్చిన ముసలి అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. కాచన రాజుకు నమస్కరించి వెనుదిరిగాడు.

నాలుగడుగులు వేశాడో లేదో వెనక నుంచి రాజు గొంతు వినిపించింది. ఆపుకోలేక వచ్చిన మాట అది.

"కాచనా, ఆ పిల్ల ఏమంది?"

భీమన చేతిలో బల్లెం జారింది, అక్కడ బల్లి లేకపోయినా. ముచికొండ రాజు ఒక మనిషిని ఒక మాట అడగడం ఆ కోటలో ఎవరూ ఎన్నడూ వినలేదు.

కాచన తిరిగి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "'ఇంతమంది ఇన్ని చెప్పారు, నన్నెవరూ అడగలేదు' అంది ప్రభూ."

"తర్వాత?"

"తర్వాత అడిగారు. అంతటితో కథ అయిపోయింది."

రాజు చేతిలోని వెండి బెత్తం పీట మీద పెట్టాడు. లేచి, తడిక పక్కగా నడిచి, అక్కసాని ఎదుట నిలబడి "అమ్మా, నీకేం కావాలి?" అన్నాడు.

అక్కసాని ఆయన ముఖంలోకి పరకాయించి చూసి తల అడ్డంగా ఊపింది. "ఏమన్నారో తెలియలేదు ప్రభూ. మీసం అడ్డమొస్తోంది" అంది, కాస్త గట్టిగానే.

రాజు ఒక్క క్షణం గుడ్లప్పగించాడు. తర్వాత నవ్వొచ్చి, నవ్వుతూనే రెండు వేళ్ళతో మీసం పైకెత్తి పట్టుకుని మళ్ళీ అడిగాడు. ఈసారి ఆమెకు తెలిసింది.

"నాకేం వద్దు. ఈ గదికి వచ్చేవాళ్ళను ఎదురుగా రమ్మనండి. వెనక నుంచి వస్తే హడలిపోతున్నాను."

రాజు మీసం వదిలి సూరన వైపు తిరిగాడు. అడక్కముందే వాడు కాళ్ళ మీద పడి "మల్లెపాదులకు మూడు రోజులుగా నీళ్ళు లేవు ప్రభూ" అన్నాడు. పొమ్మని రాజు చెయ్యి ఊపాడో లేదో తోట వైపు ఒకటే పరుగు.

అది చూసి జనం వెనక నుంచి ఒక బొజ్జ తోసుకుంటూ ముందుకు వచ్చింది. "ప్రభూ, నన్ను కూడా అడగండి" అన్నాడు పేరయ్య. రాజు అడిగాడు. "నాకు వంట రాదు ప్రభూ. పదహారేళ్ళుగా చెబుదామనే చూస్తున్నాను."

"అది నాకు రెండు పూటలా తెలుస్తూనే ఉంది" అన్నాడు రాజు. ముంగిలంతా నవ్వింది.

అందరూ నవ్వుతుండగా రాజు కాచనను దగ్గరకు పిలిచాడు. "నెగ్గావు. కోరుకో."

కాచన ఒకసారి ముంగిలి చివరి దాకా చూశాడు. "ఎనిమిదేళ్ళ కిందట ఈ ముంగిట్లోనే నడిచాను ప్రభూ. ఆనాడు అడగాల్సింది ఇవాళ అడగండి. అంతకన్నా ఏమీ వద్దు."

రాజుకు అర్థమయింది. ఆయన కళ్ళు చెమర్చాయి. "ఏం చదువుకున్నావు కాచనా?"

"తర్కం."

"ఎన్నేళ్ళు?"

"పన్నెండేళ్ళు."

ఆ ఒంకర ముక్కు, ఆ లేచిన కనుబొమ చూడగానే రాజుకు అలవాటు చొప్పున నవ్వు తన్నుకొచ్చింది. బలవంతాన ఆపుకుని "మరి ఈ ఎనిమిదేళ్ళూ సభలో నువ్వు చెప్పిందేమిటి? మమ్మల్ని అంతగా నవ్వించావే" అన్నాడు.

"అదంతా తర్కమే ప్రభూ. తమరు నా ముఖం చూసి నవ్వుకున్నారు."

ఇక రాజు ఆపుకోలేకపోయాడు. అయితే ఈ నవ్వు కాచన ముఖం మీదికి పోలేదు, తన మీదికే తిరిగింది. నవ్వీ నవ్వీ పీట మీద కూలబడి, భుజం మీది పట్టుశాలువా తీసి కాచనకు కప్పాడు. పండితసభలో మొదటి వరసలో చోటు అప్పటికప్పుడు ఇప్పించాడు. మరుసటి ఏడు చూపు కొలువు నాడు ఆయన మేడ దిగి ముంగిట్లోకి వచ్చి కూర్చున్నాడట. ఒక్కొక్కరినీ అడిగేసరికి తొమ్మిది రోజులు పట్టిందట. అప్పటి నుంచి ముచికొండ నీళ్ళ గుణం కూడా మారి, భోజనానికి రుచి వచ్చిందని చెబుతారు.

అది తర్వాతి సంగతి. ఆ మధ్యాహ్నం మాత్రం ముంగిలంతా నవ్వుతూనే ఉంది. అక్కసాని పై గదికి ఎక్కి, గిన్నెను నీళ్ళ మీద వదిలి, కిందికి చూసి, ఎగిరెగిరిపడుతున్న భుజాలను బట్టి మంచి మాటే ఏదో అయి ఉంటుందనుకుంది. అప్పటికి గిన్నె అంచు నీళ్ళకు సమానమైంది. ఆమె ఇటు తిరిగి, కర్ర తీసి గంట కొట్టింది.